న్యూ ఇంగ్లండ్‌లో సాకర్ నిన్నమొన్నటిదేనా? ఒకసారి ఫాల్ రివర్ వైపు రండి

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను. కిందటి నెల పాటకెట్‌లో కొత్త స్టేడియానికి వెళ్లి రోడ్ ఐలండ్ ఎఫ్‌సీ మ్యాచ్ చూసొచ్చారు. మర్నాడు ఆఫీసులో ఆ మాట చెప్తే ఒకాయన "ఈ దేశానికి సాకర్ 1994 ప్రపంచ కప్‌తోనే వచ్చింది, అంతకుముందు ఇక్కడివాళ్లకి బంతిని కాలితో తన్నడమే తెలీదు" అని తేల్చేశారు. అది నిజమేనా, అంతకుముందు న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య మూలలోని ఈ ప్రాంతంలో, జీతం తీసుకుని ఆడినవాళ్లు ఉన్నారా, ఉంటే ఆ జట్లన్నీ ఏమైపోయాయి, వెళ్లి చూడటానికి ఏమైనా మిగిలిందా అన్నవి మీ ప్రశ్నలు.

ఆయన చెప్పింది తప్పు. తప్పంటే ఏ పదేళ్లో ఇరవయ్యేళ్లో తేడా కాదు. మీరు మ్యాచ్ చూసిన పాటకెట్ ఊరి జట్టు 1893లోనే అప్పటి పెద్ద కప్పు గెలిచింది. 1920ల్లో బోస్టన్‌కి దక్షిణాన ఉన్న మూడు నాలుగు నూలుమిల్లుల ఊళ్లలో ఎంత గట్టి ఫుట్‌బాల్ ఉండేదంటే, స్కాట్లండ్ క్లబ్బులు తమ ఆటగాళ్లను ఎగరేసుకుపోతున్నారని గగ్గోలు పెట్టాయి. నేను ఈ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఉంటున్నాను. శని ఆదివారాల్లో పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా తిరుగుతాను. వాన వల్ల మ్యాచ్ రద్దయిన రోజుల్లో లైబ్రరీలో మైక్రోఫిల్మ్ తిప్పడం అలవాటైంది. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు ఊళ్లు. మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్ నుంచి దక్షిణంగా గంట ప్రయాణంలో ఫాల్ రివర్. అక్కడినుంచి తూర్పుకి పావుగంట, ఇరవై నిమిషాలు పోతే న్యూ బెడ్‌ఫర్డ్. ఇటు పడమరకి వస్తే రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్, దాన్ని ఆనుకుని పాటకెట్. నాలుగూ నూలు ఊళ్లే. అమెరికాలో నీటి బలంతో నడిచిన మొదటి నూలు మిల్లు 1793లో పాటకెట్‌లోనే కట్టారు. ఫాల్ రివర్‌కి ఆ పేరు రావడానికి కారణం క్వెక్వెచాన్ అనే చిన్న నది. అక్కడి ఆదివాసుల భాషలో ఆ మాటకి 'పడే నీళ్లు' అని అర్థం. ఆ పడే నీళ్ల మీదే ఊరు లేచింది. 1910ల నాటికి ఆ ఒక్క ఊళ్లో వందకు పైగా మిల్లులు, సుమారు 40 లక్షల కదుళ్లు. లక్షా ఇరవై వేల మంది జనాభా ఉన్న ఊరికి అన్ని కదుళ్లంటే, ఇంటికొకరైనా మిల్లులో ఉన్నట్టే.

మరి మిల్లులకీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధం? కదురు తిప్పడం తెలిసిన మనిషి కావాలంటే 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నుంచి తెచ్చుకోవాల్సిందే. ప్రపంచంలో అందరికంటే ముందు డబ్బు తీసుకుని ఫుట్‌బాల్ ఆడిన ప్రాంతాల్లో ఆ లాంకషైర్ కూడా ఒకటి. అలా పని తెలిసినవాడితో పాటు ఆటా ఓడ దిగింది. అయితే ఆట వస్తే సరిపోదు, ఆడటానికి పొద్దు మిగలాలి. మసాచుసెట్స్ 1874లో ఆడవాళ్లకీ పిల్లలకీ పది గంటలకు మించి పని పెట్టకూడదని చట్టం చేసింది. మిల్లులో ఆడవాళ్లూ పిల్లలూ వెళ్లిపోతే మగ్గాల మధ్య మగవాళ్లు మాత్రం చేసేదేముంటుంది, మొత్తం మిల్లు ఆగాల్సిందే. అలా మిగిలిన సాయంత్రాల్లో, శనివారం మధ్యాహ్నాల్లో ఈ ఊళ్లలో ఫుట్‌బాల్ పెరిగింది.

1884లో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది. మర్నాటి ఏడు నుంచి అమెరికన్ కప్ నడిపింది. మొదటి మూడేళ్లూ గెలిచింది క్లార్క్ దారాల కంపెనీ జట్టు. ఆ జట్టు పేరు ఓఎన్‌టీ. 'మా కొత్త దారం' అన్న ప్రకటనకి పొడి అక్షరాలు అవి, చొక్కా మీద స్పాన్సర్ పేరు చూసి ఇప్పుడు ముక్కు విరుస్తాం గాని అప్పుడు జట్టు పేరే దారపు ఉండ పేరు! 1888లో కప్పు ఫాల్ రివర్ రోవర్స్‌కి వచ్చింది. ఇక 1892 వరకు ఐదేళ్ల పాటు ఆ ఊరు దాటలేదు. రోవర్స్ రెండుసార్లు, అదే ఊరి జట్లు ఒలింపిక్స్ ఒకసారి, ఈస్ట్ ఎండ్స్ రెండుసార్లు. ఆరో ఏడు, 1893లో, పక్కనే ఉన్న పాటకెట్ ఫ్రీ వాండరర్స్ పట్టుకెళ్లారు. అంటే ఆరేళ్లు వరసగా కప్పు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న రెండు ఊళ్లలోనే తిరిగింది.

వీళ్లు జీతం తీసుకుని ఆడారా అంటే, ఇక్కడ మన దగ్గర తెలిసిన మాట ఒకటుంది: స్పోర్ట్స్ కోటా. రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఆటగాడికి ఉద్యోగం ఇచ్చి, హాజరుపట్టీలో పేరుంచి, మైదానానికి పంపడం మనకు కొత్తేం కాదు. ఇక్కడా అదే తంతు. పాటకెట్‌లోని జె అండ్ పి కోట్స్ దారాల మిల్లు స్కాట్లండ్ కంపెనీది. మంచి హాఫ్‌బ్యాక్ కావాలంటే మిల్లులో పని చూపించి పిలిపించుకునేవాళ్లు. పని కాస్త తేలిక, ప్రాక్టీసుకి సెలవు, గెలిస్తే చేతిలో ఏదో కొంత. కాగితం మీద అమెచ్యూర్, నిజానికి సగం ప్రొఫెషనల్. చాలామంది చరిత్రకారులు 'మొదటి ప్రొఫెషనల్ లీగ్ ఏది' అని తేదీల దగ్గర కొట్టుకుంటారు గాని, ఈ ఊళ్లలో అమెచ్యూర్‌కీ ప్రొఫెషనల్‌కీ మధ్య గీత ఎవరూ గట్టిగా గీయలేదు.

గీత గీద్దామని చూసినవాళ్లు నవ్వులపాలయ్యారు, ఆ ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. 1894 అక్టోబరులో బేస్‌బాల్ క్లబ్బుల యజమానులు, సీజన్ అయ్యాక ఖాళీగా పడున్న మైదానాలతో నాలుగు డబ్బులు చేసుకుందామని, ఆరు నగరాలతో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు. ఈ ప్రాంతం నుంచి బోస్టన్ ఉంది. టికెట్ 25 సెంట్లు. మ్యాచ్‌లు ఎక్కువగా పనిరోజుల్లో, మధ్యాహ్నాలు! ఆట తెలిసిన జనం ఆ టైముకి మిల్లుల్లో ఉన్నారు, మైదానానికి రాగలిగిన జనానికి ఆట తెలీదు. బాల్టిమోర్ యజమానులు బ్రిటన్ నుంచి ఆటగాళ్లను దించి వాషింగ్టన్‌ని 10-1తో చిత్తు చేశారు. రెండు మూడు వారాల్లోనే లీగ్ దుకాణం కట్టేసింది.

పేరుకి ప్రొఫెషనల్ లీగ్ పోయినా ఊళ్లలో ఆట పోలేదు. ఎంత వేడిగా ఉండేదో తెలియాలంటే 1916 నేషనల్ చాలెంజ్ కప్ ఫైనల్ చూడాలి. ఇవాళ్టి యూఎస్ ఓపెన్ కప్ అదే. పాటకెట్‌లో కోట్స్ మిల్లువారి మైదానం. సుమారు పది వేల జనం. ఒకవైపు పెన్సిల్వేనియా నుంచి బెత్లెహెమ్ స్టీల్. ఉక్కు కంపెనీ డబ్బుతో బ్రిటిష్ ఆటగాళ్లను ఏరి కూర్చిన జట్టు. ఇంకోవైపు ఫాల్ రివర్ రోవర్స్, ఎక్కువ మంది ఇక్కడే పుట్టిన కుర్రాళ్లు. ఆట చివరి భాగంలో బెత్లెహెమ్‌కి పెనాల్టీ ఇచ్చారు, ఫ్లెమింగ్ గోల్ కొట్టాడు. తర్వాత రోవర్స్‌కి కూడా పెనాల్టీ రావాలని జనం అరిచారు, రిఫరీ ఇవ్వలేదు. విజిల్ ఊదగానే జనం తాళ్లు తెంచుకుని మైదానంలోకి దూకారు. రిఫరీని కొట్టకుండా బయటకి తీసుకెళ్లడానికి పోలీసులకి తలప్రాణం తోకకొచ్చింది. ఇది చదివిన రోజు నాకు భలే నవ్వొచ్చింది. పదకొండేళ్ల పిల్లల మ్యాచ్‌లో ఆఫ్‌సైడ్ ఇచ్చినందుకు ఒక తల్లి నన్ను కారు దాకా తిట్టుకుంటూ వచ్చింది మొన్ననే. నూటపదేళ్ల సంప్రదాయం అన్నమాట. మరుసటి ఏడు, 1917లో, మళ్లీ అవే రెండు జట్లు. ఆట మొదలైన మొదటి నిమిషంలోనే గోల్ కొట్టి, ఆ ఒక్క గోల్‌ని చివరిదాకా కాపాడుకుని రోవర్స్ కప్పు తెచ్చుకున్నారు.

అసలు ప్రొఫెషనల్ కథ 1921లో మొదలైంది. ఆ మే నెలలో న్యూయార్క్‌లోని ఆస్టర్ హోటల్‌లో ఎనిమిది జట్లతో అమెరికన్ సాకర్ లీగ్ పెట్టారు, ఇకమీదట ఏఎస్‌ఎల్ అందాం. ఎనిమిదిలో మూడు మన వైపువి: ఫాల్ రివర్ యునైటెడ్, జె అండ్ పి కోట్స్, హోలియోక్ ఫాల్కోస్. హోలియోక్ ఒక్క సీజన్‌కే చాలించింది. ఫాల్ రివర్ యునైటెడ్ కూడా అప్పుల్లో పడింది. అప్పుడు దిగాడు శామ్ మార్క్.

ఈ కథలో నాకు అందరికంటే నచ్చే మనిషి శామ్ మార్క్. ఆటగాడు కాదు, ఊళ్లోని వ్యాపారి. 1922లో జట్టుని కొన్నాడు, పేరు 'మార్క్స్‌మెన్' అని మార్చాడు. అంటే గురి తప్పనివాళ్లు, ఇంకోలా చూస్తే మార్క్ గారి మనుషులు! ఆ తర్వాత స్టేడియం కట్టాడు. ఇక్కడే అతని బుర్ర చూడండి. మసాచుసెట్స్‌లో ప్యూరిటన్ల (మొదట్లో ఇక్కడ స్థిరపడ్డ, మతనిష్ఠ ఎక్కువైన క్రైస్తవుల) కాలం నాటి ఆదివారపు చట్టాలు ఇంకా బతికే ఉన్నాయి. ఆదివారం టికెట్ పెట్టి ఆట ఆడించకూడదు. మిల్లు మనిషికి వారంలో పూర్తిగా దొరికేది ఆ ఒక్క రోజే. పక్క రాష్ట్రం రోడ్ ఐలండ్‌లో ఆ పట్టింపు లేదు. ఫాల్ రివర్ దక్షిణపు అంచు, రోడ్ ఐలండ్‌లోని నార్త్ టివర్టన్ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. మార్క్ తన స్టేడియాన్ని ఆ గీత దాటీ దాటగానే, నార్త్ టివర్టన్‌లో కట్టాడు. 15 వేల మంది పట్టేంత. అమెరికాలో సాకర్ కోసమని ప్రత్యేకంగా కట్టిన తొలి స్టేడియాల్లో అదొకటి. జట్టు పేరు ఫాల్ రివర్, మైదానం మాత్రం పక్క రాష్ట్రంలో. ఆదివారం చర్చికెళ్లి, అన్నం తిని, జనం దక్షిణంగా నడుచుకుంటూ రాష్ట్రం దాటి ఆట చూసి, చీకటిపడే వేళకి మళ్లీ సొంత రాష్ట్రంలోకి వచ్చేవాళ్లు. అక్కడ ఇప్పుడు నిలబడితే రాష్ట్రం మారినట్టు తెలిసేది రోడ్డు మీద తారు రంగు మారడంతోనే. ఒక చట్టానికి రెండు అడుగుల అవతల గేటు పెట్టుకున్నాడు మహానుభావుడు.

లీగ్‌లో పేర్లు కూడా సరదాగా ఉండేవి. న్యూ బెడ్‌ఫర్డ్ తిమింగలాల వేటకు పేరుపడ్డ రేవు కాబట్టి అక్కడి జట్టు వేలర్స్. ప్రావిడెన్స్‌ది క్లామ్‌డిగ్గర్స్, అంటే బురదలో ఆల్చిప్పలు తవ్వుకునేవాళ్లు. ఆ పేరు నామోషీ అనిపించిందో ఏమో, తర్వాత గోల్డ్ బగ్స్ అని మార్చుకున్నారు. బోస్టన్‌ది వండర్ వర్కర్స్.

ఇక ఫలితాలు. 1922-23 నుంచి 1929-30 దాకా ఎనిమిది సీజన్లు తీసుకోండి. లీగ్‌లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి మహానగరాల జట్లున్నాయి. వెనకాల ఉక్కు కంపెనీ ఉన్న బెత్లెహెమ్ ఉంది. ఎనిమిదింట్లో ఏడు టైటిళ్లు మన వైపుకే వచ్చాయి. మొదటిది కోట్స్ మిల్లుది, 1927-28 బోస్టన్‌ది, మిగిలిన ఐదూ మార్క్స్‌మెన్‌వి. 1926-27 ఒక్కటే బెత్లెహెమ్ పట్టుకెళ్లింది. 1924-25లో బెత్లెహెమ్ సెంటర్ ఫార్వర్డ్ ఆర్చీ స్టార్క్ ఒక్క సీజన్‌లో 67 లీగ్ గోల్స్ కొట్టాడు. అయినా ఆ ఏడు టైటిల్ ఫాల్ రివర్‌కే వెళ్లింది. 67 గోల్స్ కొట్టినవాడి జట్టు రెండో స్థానంలో ఆగిందంటే, మొదటి స్థానంలో ఉన్నది ఎలాంటి జట్టో మీరే ఊహించుకోండి. 1924లో మార్క్స్‌మెన్ సెయింట్ లూయిస్ దాకా వెళ్లి వెస్పర్ బ్యూయిక్‌ని 4-2తో ఓడించి కప్పు తెచ్చారు, ఆ ఏడు లీగూ వాళ్లదే. 1927 కప్ ఫైనల్లో డెట్రాయిట్‌ వెళ్లి హోలీ కార్బ్యురేటర్ జట్టుని 7-0తో ఉతికి ఆరేశారు.

ఆటగాళ్లు ఎక్కడినుంచి వచ్చారు? సగం సముద్రం దాటి. మార్క్స్‌మెన్‌కి గోల్స్ కొట్టిన హెరాల్డ్ బ్రిటన్ లండన్‌లో చెల్సీకి ఆడినవాడు. 1924లో బోస్టన్ వాళ్లు ఏకంగా స్కాట్లండ్ జాతీయ జట్టు మీదే చెయ్యేశారు. మోర్టన్ నుంచి అలెక్స్ మెక్‌నాబ్‌ని, గ్లాస్గో రేంజర్స్ నుంచి టామీ మ్యూర్‌హెడ్‌ని తెచ్చారు. మ్యూర్‌హెడ్ కొన్ని నెలల్లోనే వెనక్కి వెళ్లిపోయాడు, మెక్‌నాబ్ మాత్రం మళ్లీ వెళ్లలేదు. అక్కడ క్లబ్బులు కాంట్రాక్టు పేరుతో ఆటగాడి కాళ్లకి బంధం వేసేవి. ఇక్కడ ఆట జీతానికి తోడు ఒక ఉద్యోగం కూడా. ఎవరైనా ఓడెక్కుతారు. స్కాట్లండ్ పత్రికలు దీనికి 'అమెరికా బెడద' అని పేరు పెట్టాయి. కాంట్రాక్టులు తెంచుకుని వచ్చినవాళ్లను ఆడిస్తున్నారన్న ఫిర్యాదు 1927లో ఫిఫా సమావేశం దాకా పోయి, అమెరికా సంఘాన్ని వెలేస్తారేమో అన్నంత పనైంది.

మీ ఆఫీసాయనకి చెప్పాల్సిన అసలు ముక్క మాత్రం మిగతా సగం గురించి. ఫాల్ రివర్‌లోనూ ఆ చుట్టుపక్కలా పుట్టినవాళ్లూ ఉన్నారు. బెర్ట్ పటెనాడ్ 1909లో ఆ ఊళ్లోనే, ఫ్రెంచ్ కెనడా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టాడు. బిల్లీ గొన్సాల్వెస్ అక్కడికి దగ్గర్లోని పోర్ట్స్‌మత్‌లో 1908లో పుట్టాడు, తల్లిదండ్రులు పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి వచ్చారు. లాంకషైర్ వాళ్ల తర్వాత ఐరిష్, ఆ తర్వాత ఫ్రెంచ్ కెనడియన్లు, ఆ తర్వాత పోర్చుగీసు దీవులవాళ్లు మిల్లుల్లోకి వచ్చారు. మగ్గం ఎలా చేతులు మారిందో బంతీ అలాగే మారింది. గొన్సాల్వెస్ ఆరడుగులు దాటిన మనిషి, తొడలు దూలాల్లా ఉండేవిట, 'పియానో కాళ్లోడు' అని పిలిచేవారు. అతని షాట్‌కి అడ్డం నిలబడటానికి గోల్‌కీపర్లు జంకేవారని ఆ కాలంవాళ్ల మాట.

1930లో ఉరుగ్వేలో మొదటి ప్రపంచ కప్. ఇద్దరూ వెళ్లారు. కెప్టెన్ టామ్ ఫ్లోరీ కూడా న్యూ బెడ్‌ఫర్డ్, ప్రావిడెన్స్‌లకు ఆడినవాడే. జులై 17న మాంటెవీడియోలోని పార్కె సెంట్రల్‌లో పరాగ్వే మీద అమెరికా 3-0తో గెలిచింది. మూడు గోల్సూ ఇరవై ఏళ్ల పటెనాడ్‌వే. ప్రపంచ కప్ చరిత్రలో అదే మొదటి హ్యాట్రిక్. కానీ ఎవరో రెండో గోల్‌ని ఫ్లోరీ ఖాతాలో రాశారు, ఇంకెవరో సెల్ఫ్ గోల్ అన్నారు. దాంతో రెండు రోజుల తర్వాత మెక్సికో మీద మూడు కొట్టిన అర్జెంటీనా ఆటగాడు స్తాబిలే పేరే పుస్తకాలకెక్కింది. తోటి ఆటగాళ్ల మాటలు, పాత పత్రికలు అన్నీ చూసి ఫిఫా దాన్ని సరిదిద్దింది 2006లో. పటెనాడ్ 1974 నవంబరు 4న, తన అరవై అయిదో పుట్టినరోజు నాడు, ఫాల్ రివర్‌లోనే పోయాడు. ముప్పై రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది ఆ గుర్తింపు.

ఆ జట్టు సెమీ ఫైనల్ దాకా వెళ్లి అర్జెంటీనా చేతిలో 6-1తో ఓడింది. ట్రేసీ అనే ఆటగాడికి కాలు విరిగింది. సబ్‌స్టిట్యూట్‌లు లేని రోజులు కాబట్టి పదిమందితోనే లాగారు. (ఏఎస్‌ఎల్‌లో సబ్‌స్టిట్యూట్‌లను 1920ల్లోనే రానిచ్చారు, ప్రపంచ కప్‌కి ఆ బుద్ధి 1970లో గాని పుట్టలేదు.) ఇంకో అపోహ కూడా తుడిచేస్తాను. ఆ జట్టంతా బ్రిటన్ నుంచి దిగుమతి చేసుకున్న ప్రొఫెషనల్సే అని ఇప్పటికీ రాస్తుంటారు. బ్రిటన్‌లో పుట్టినవాళ్లు ఆరుగురు, వాళ్లలో అక్కడ ప్రొఫెషనల్ లీగ్ ఆడింది జార్జ్ మూర్‌హౌస్ ఒక్కడే. అది కూడా ట్రాన్‌మియర్ రోవర్స్‌కి రెండు మ్యాచ్‌లు. మిగతావాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడే ఓడ దిగి, ఇక్కడే ఆటలో పైకొచ్చినవాళ్లు.

మరి ఇంత ఉంటే ఎటు పోయింది? ఇది మీ మూడో ప్రశ్న, అందరూ తలో మాట చెప్పేదీ ఇక్కడే.

మామూలుగా వినిపించే జవాబు 'సాకర్ యుద్ధం'. జాతీయ సంఘం నడిపే కప్పుకీ లీగ్‌కీ మొదటినుంచీ పడదు. సీజన్ మధ్యలో దేశం నడిమి రాష్ట్రాలైన మిడ్‌వెస్ట్ దాకా రైళ్లెక్కాలి, వచ్చిన వసూళ్లలో సంఘానికి వాటా ఇవ్వాలి. 1924-25లోనే ఒకసారి లీగ్ కప్పుని బహిష్కరించింది. 1928లో మళ్లీ జట్లేవీ కప్పు ఆడకూడదని హుకుం జారీ చేసింది. బెత్లెహెమ్ స్టీల్, న్యూయార్క్ జెయింట్స్, న్యూవార్క్ స్కీటర్స్ లెక్కచేయలేదు. లీగ్ వాళ్లని గెంటేసింది. సంఘం ఊరుకుంటుందా, లీగ్ మొత్తాన్నీ వెలివేసి, ఆ మూడింటినీ కలుపుకుని ఈస్టర్న్ సాకర్ లీగ్ అని పోటీ దుకాణం తెరిచింది. ఫిఫా సంఘం వైపే నిలిచింది. ఒకే ప్రాంతంలో రెండు లీగ్‌లు, ఉన్న జనమే రెండుగా చీలారు. మార్క్స్‌మెన్ పాత లీగ్‌తోనే ఉండిపోయారు, అంటే లెక్క ప్రకారం వాళ్లు వెలివేసిన జట్టు! రాజీ కుదిరింది 1929 అక్టోబరులో. సరిగ్గా న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలిన నెల. బెత్లెహెమ్ 1930లో మూసేశారు, లీగ్ 1933కి పోయింది.

ఈ వివరణ తప్పని నేననను. బెత్లెహెమ్‌కీ న్యూయార్క్ జట్లకీ అది సరిపోతుంది. ఫాల్ రివర్‌కి సరిపోదు. ఆ గొడవ నడుస్తుండగానే మార్క్స్‌మెన్ లీగ్ గెలిచారు. 1930లో లీగూ కప్పూ రెండూ గెలిచి, ఆ వేసవిలో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ వైపు టూర్ కూడా వెళ్లొచ్చారు. గొడవ వల్ల చితికిన జట్టు అలా ఉండదు. ఫాల్ రివర్‌ని చంపింది మైదానం బయట జరిగినది. అది 1930కి చాలా ముందే మొదలైంది.

ఈ ఊరి మిల్లుల సరుకు చాలావరకు అద్దకానికి పనికొచ్చే చౌక నూలుగుడ్డ. దాన్ని నేయడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. దక్షిణాది రాష్ట్రాలైన కరోలినాల్లో కొత్త మిల్లులు లేచాయి. అక్కడ కూలి తక్కువ, యూనియన్లు లేవు, రాత్రి షిఫ్టులకి అడ్డు లేదు. మసాచుసెట్స్‌లో 1919 నుంచి వారానికి 48 గంటలే. మొదటి ప్రపంచ యుద్ధపు ఆర్డర్లు అయిపోయాక ఫాల్ రివర్ గుడ్డ అమ్ముడుపోవడం మానేసింది. మార్క్స్‌మెన్ వరసగా టైటిళ్లు కొడుతున్న ఏళ్లే, మిల్లులు ఒక్కొక్కటీ తలుపులు మూసిన ఏళ్లు కూడా. మైక్రోఫిల్మ్ తిప్పుతుంటే ఇది చూసి మనసు చివుక్కుమంటుంది: ఒక పేజీలో విజయం, రెండు పేజీలు దాటితే ఫలానా మిల్లు యంత్రాలు వేలం. 1928 ఫిబ్రవరి 2న నడిబజారు తగలబడిపోయింది. నిప్పు పుట్టింది ఎక్కడో తెలుసా, మూతపడి కూలగొడుతున్న పోకాసెట్ మిల్లులో. ఆ ఏప్రిల్‌లోనే న్యూ బెడ్‌ఫర్డ్‌లో పది శాతం జీతం కోతకి వ్యతిరేకంగా సుమారు ముప్పై వేల మంది సమ్మెకి దిగి, ఆరు నెలలు నిలబడ్డారు. ఆరు నెలలు జీతం లేని ఊరు టికెట్ కొనగలదా?

ఇంకో విచిత్రం చూడండి. 1928 నవంబరులో మసాచుసెట్స్ ప్రజలు ఓటేసి ఆదివారం టికెట్ ఆటలకు అనుమతి ఇచ్చారు. ఆ గీత దాటి స్టేడియం కట్టిన తెలివి అవసరం తీరిపోయింది. ఆదివారం తెరుచుకుంది గాని, జేబులో చిల్లర లేదు.

1931 మొదట్లో శామ్ మార్క్ జట్టుని మూటగట్టుకుని న్యూయార్క్ వెళ్లిపోయాడు, పేరు న్యూయార్క్ యాంకీస్ అని మార్చాడు. అదే ఏడు ఫాల్ రివర్ పురపాలక సంఘం దివాలా తీసి, ఊరి ఖర్చులన్నీ రాష్ట్రం వేసిన ఫైనాన్స్ బోర్డు చేతిలోకి పోయాయి. పదేళ్ల పాటు అంతే. మార్క్‌ని ద్రోహి అన్నవాళ్లున్నారు. నేననలేను. కొనేవాడు లేనిచోట కొట్టు మూసుకుని ఊరు మారిన వ్యాపారి అతను, చుట్టుపక్కల మిల్లుల యజమానులు చేసిందీ అదే. ఆ వసంతంలో యాంకీస్ షికాగో బ్రిక్‌లేయర్స్ మీద కప్ ఫైనల్ ఆడారు. న్యూయార్క్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో పటెనాడ్ ఒక్కడే ఐదు గోల్స్ కొట్టాడు, 6-2. చివరికి కప్పు వాళ్లదే. అయితే పోటీకి పేరు ఇచ్చేనాటికి వాళ్లింకా ఫాల్ రివర్ కాబట్టి, రికార్డుల్లో విజేత ఫాల్ రివర్ అనే ఉంది. ఊళ్లో లేని జట్టు ఊరికి గెలిచిపెట్టిన కప్పు అది.

న్యూయార్క్ కూడా అచ్చిరాలేదు. జట్టు మళ్లీ ఇటే వచ్చి న్యూ బెడ్‌ఫర్డ్ వేలర్స్ పేరుతో 1932 కప్పు గెలిచింది. తర్వాత గొన్సాల్వెస్, మెక్‌నాబ్ సెయింట్ లూయిస్‌లోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ జట్టుకి వెళ్లిపోయారు. అక్కడా అదే ఒప్పందం, ఆటతో పాటు కొట్టులో ఉద్యోగం. గొన్సాల్వెస్ 1930 నుంచి 1935 వరకు వరసగా ఆరు జాతీయ కప్పులు గెలిచాడు, నాలుగు వేర్వేరు జట్లతో. ఈ సంఖ్యని చాలామంది అతని గొప్పతనానికి గుర్తుగా చెప్తారు, గొప్పవాడే. నాకైతే అందులో జీతం ఎక్కడుంటే అక్కడికి పెట్టె సర్దుకున్న మనిషి కూడా కనిపిస్తాడు.

ఆట మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది, జీతం లేకుండా. పోర్చుగీసు దీవులవాళ్ల క్లబ్బు పోంటా డెల్గాడా 1940ల చివర్లో దేశంలోనే గట్టి అమెచ్యూర్ జట్టు. 1947లో హవానాలో జరిగిన ఉత్తర అమెరికా పోటీకి జాతీయ జట్టుని విడిగా ఎంపిక చేయకుండా ఈ క్లబ్బునే పంపారు. 1950లో బ్రెజిల్‌ ప్రపంచ కప్‌లో అమెరికా ఇంగ్లండ్‌ని 1-0తో ఓడించింది కదా, ఆ పదకొండు మందిలో ఇద్దరు ఫాల్ రివర్ కుర్రాళ్లు: జాన్ సౌజా, ఎడ్ సౌజా. ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. (మన దేశానికి అర్హత వచ్చీ వెళ్లకుండా మానేసిన ప్రపంచ కప్ కూడా అదే.)

చూడ్డానికి ఏం మిగిలింది అన్నారు. మార్క్ స్టేడియం లేదు, దాని కోసం నార్త్ టివర్టన్‌లో వెతక్కండి. ఫాల్ రివర్‌కి వచ్చే టూరిస్టులంతా 1892 గొడ్డలి హత్యల ఇల్లు, రేవులో కట్టేసిన యుద్ధనౌక చూసి వెళ్లిపోతారు. మీరు మాత్రం గ్రానైట్ మిల్లులు చూడండి, చాలా నిలబడే ఉన్నాయి. కొన్నింట్లో ఫ్లాట్లు, కొన్నింట్లో కొట్లు. లోపలికి వెళ్తే పాత చెక్క నేల మీద యంత్రాల కాళ్ల గుర్తులు ఇంకా కనిపిస్తాయి. దారం తెగకూడదని కిటికీలు బిగించి, లోపల ఆవిరి పట్టించి పనిచేయించేవాళ్లు ఆ గదుల్లో. అక్కడో పది నిమిషాలు నిలబడితే, ఆదివారం మధ్యాహ్నం ఆరుబయట ఆట వాళ్లకి ఏమిటో తెలుస్తుంది.

తర్వాత కొలంబియా స్ట్రీట్‌కి వెళ్లండి. పోర్చుగీసు బేకరీలు ఉంటాయి, తీపి రొట్టె కొనండి. మాంసం తినేవాళ్లైతే శోరీసు అనే సాసేజ్ కూడా, మన కారానికి దగ్గరగా ఉంటుంది. శని ఆదివారాల్లో బేకరీ టీవీలో లిస్బన్ మ్యాచ్ వస్తుంటుంది, ముసలివాళ్లు కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లలో ఎవరినైనా గొన్సాల్వెస్ గురించి అడగండి. పొద్దున్నే వెళ్లండి మరి, మధ్యాహ్నానికి రొట్టెలు అయిపోతాయి.